తవ్వకం కాడికి

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దాన్ని స్తూపం అని ఎవరూ అనేవాళ్లు కాదు. తవ్వకం అనేవాళ్లు. "బర్రె యాడికి పోయిందే?" అంటే "తవ్వకం దిక్కు పోయినట్టుంది" అని జవాబు. రెండువేల ఏండ్ల కింద బౌద్ధ భిక్షువులు చుట్టూ తిరిగి మొక్కిన చోటు అది. ఊరికి మాత్రం గుర్తున్నది 1970లలో సర్కారు వాళ్లు వచ్చి తవ్వించిన సంగతే. ఆ పేరే నిలబడిపోయింది.

ఊరు ధూళికట్టకు దగ్గర. అప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా, ఎలిగేడు మండలం. మేం హనుమకొండలో ఉండేవాళ్లం. ఎండాకాలం సెలవులు ఇచ్చిన మర్నాడే అమ్మ మమ్మల్ని బస్సెక్కించేది. కరీంనగర్‌లో బస్సు మారి, పెద్దపల్లి రోడ్డు మీద సుల్తానాబాద్‌లో దిగితే చిన్నతాత సైకిల్‌తో నిలబడి ఉండేవాడు. చిన్నతాత అంటే మా తాతకు తమ్ముడు, అమ్మమ్మకు మరిది. పెండ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ తవ్వకంలో ఆయన కూలి పని చేశాడు.

నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, 1986లో, మొదటిసారి తీసుకుపోయాడు.

"వదినె, పిలగాన్ని తవ్వకం కాడికి తీస్కపోతున్న. సద్ది కట్టు."

"గాడేమున్నదని? ముండ్లకంప, పాములు."

"పామునే చూపెడుదమని" అన్నాడు చిన్నతాత నవ్వుతూ. నాకు ఆ మాట అర్థం కాలేదు గానీ, ఆ పూటంతా నడిచేటప్పుడు కాళ్ల కిందే చూసుకున్నాను.

జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ. పొద్దు పొడవకముందే బయల్దేరాం. సైకిల్ వెనక క్యారియర్ మీద దస్తి మడతపెట్టి వేసి నన్ను కూచోబెట్టాడు. ముందు చూపించింది స్తూపం కాదు, ఒక మట్టి కట్ట. ఏదో చెరువు కట్ట అనుకున్నాను. "చెరువేది మరి?" అన్నాడు. నిజమే, చెరువు లేదు. కట్ట మాత్రం అట్లా వంపు తిరుగుతూ పోతూనే ఉంది. "ఇది కోటగోడరా. రాయి లేదు, వట్టి మట్టి. లోపల ఊరుండె. మన ఊరసొంటిది కాదు, పెద్దూరు."

ఆ లోపల ఇటుక కట్టడాలు, బావులు, శాతవాహనుల నాణేలు, ఏనుగు దంతంతో చేసిన వస్తువులు దొరికాయని చాలా ఏండ్ల తర్వాత చదివాను. ఆంధ్రులకు బురుజులు, గోడలు ఉన్న ముప్పై పట్టణాలు ఉన్నాయని, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ సమాచారం మౌర్యుల కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు నుంచి వచ్చిందని అంటారు. ఆ ముప్పైలో ధూళికట్ట ఒకటి అయి ఉంటుందని మన చరిత్రకారుల మాట. ఎక్కడో సముద్రాల అవతల కూచున్న మనిషి లెక్క కట్టిన పట్టణం కావచ్చు అది. ఆ పొద్దు మాత్రం కట్ట మీద రెండు మేకలు తుమ్మ కాయలు నములుతున్నాయి, అంతే.

అక్కడినుంచి పొలాల గట్ల మీద సైకిల్ నడిపించుకుంటూ హుస్సేనిమియా వాగు దిక్కు పోయాం. వాగులో నీళ్లు లేవు, తెల్లటి ఇసుక. ఒడ్డుకు దగ్గర ఒక గుండ్రటి ఇటుక దిబ్బ. మోకాలెత్తు గడ్డి, ఎండిపోయి గుచ్చుకుంటోంది.

నేను వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగినవాణ్ని. గుడి అంటే నాకు స్తంభం, నంది, గర్భగుడి చీకటి, ఆముదం దీపం వాసన. ఇక్కడ కప్పు లేదు, తలుపు లేదు. లోపలికి పోదామంటే లోపల అనేదే లేదు, అంతా నిండుగా మట్టి, ఇటుక.

"గుడేది తాతా?"

"గిదే."

"దేవుడేడి మరి?"

చిన్నతాత వెంటనే చెప్పలేదు. సైకిల్‌ను వేపచెట్టుకు ఆనించి, నన్ను ఎడమ పక్క నుంచి లాగి, దిబ్బ మన కుడి చేతి దిక్కు ఉండేట్టు చుట్టూ నడిపించాడు. చెప్పులు విప్పమన్నాడు. మూడు చుట్లు. నా కాలికి పల్లేరుకాయ గుచ్చుకుంది. కూచోబెట్టి తీస్తూ అప్పుడు చెప్పాడు.

"నేను గూడ గిదే అడిగిన సార్లను. ఇన్ని రోజులాయె, ఇంత లోతు పోతిమి, దేవుడు ఎల్లడేంది అని. అప్పటోళ్లు ఆయన బొమ్మ చెక్కకపోదురంట. పాదాలు చెక్కుతరు, చెట్టు చెక్కుతరు, చక్రం చెక్కుతరు, కూసునే గద్దె చెక్కుతరు. గద్దె మీద మాత్రం ఎవరు ఉండరు."

నా మొహం చూసి అర్థం కాలేదనుకున్నాడేమో, "మీ తాత మంచం ఉన్నదిగదరా మనింట్ల?" అన్నాడు.

ఉంది. తాత పోయి రెండేండ్లు. అరుగు మీద ఆ నులకమంచం అట్లానే ఉండేది. చుట్టాలొచ్చినా, ఎండకు సోలిపోయి వచ్చినా ఎవరూ దాని మీద కూచునేవాళ్లు కాదు. అమ్మమ్మ రోజూ ఊడ్చేటప్పుడు దాన్ని కొంచెం జరిపి, ఊడ్చి, మళ్లీ అదే చోట పెట్టేది.

"గట్లనే" అన్నాడు.

తర్వాత ఎంతోమంది దగ్గర బౌద్ధ శిల్పం గురించి విన్నాను. తొలినాటి బౌద్ధులు బుద్ధుణ్ని గుర్తులతోనే చూపించారని, బుద్ధుడి విగ్రహం తర్వాతి కాలంలో వచ్చిందని, ధూళికట్ట ఆ తొలి దశకు చెందిందని. అన్నీ సరైన మాటలే. నాకు మాత్రం ఇప్పటికీ ఖాళీ గద్దె అనగానే నులకమంచమే కనిపిస్తుంది.

సద్ది తింటూ తవ్వకం ముచ్చట్లు చెప్పాడు. అప్పటి రాష్ట్ర పురావస్తు శాఖ వాళ్లు, వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో చేసిన పని అది. చిన్నతాతకు ఆ పేర్లు పట్టవు, అందరూ "సార్లే". మొదట్లో పార, గడ్డపార, తట్ట. కొంచెం లోతు పోయాక అవి బంద్. చిన్న తాపీ, కుంచె ఇచ్చారట. "మనం ఎవుసం చేసెటోళ్లం. గడ్డపార ఎత్తి ఏసుడు తప్ప తెల్వది. ఆడపిల్ల తల దువ్వినట్టు మట్టిని దువ్వుమంటరు!" తీసిన మట్టినంతా జల్లెడ పట్టేవాళ్లు. మొదట నవ్వుకున్నారట, మట్టిని జల్లెడ పట్టే పిచ్చోళ్లెవరని. ఆ జల్లెడలో పూసలు, నాణేలు మిగలడం మొదలయ్యాక నవ్వడం మానేశారు.

ఒకరోజు ఆయన కుంచె కింద ఒక సున్నపురాయి పలక తేలింది. దువ్వుతూ పోతే దాని మీద చుట్టలు. ఒకదాని మీద ఒకటి. పక్కన తట్ట మోసే ఆమె చూసి "నాగన్నా!" అని తట్ట కింద పడేసి దండం పెట్టింది. మధ్యాహ్నానికి పడగలు బయటపడ్డాయి. మర్నాడు పొద్దున సార్లు వచ్చేసరికి ఆ పలక మీద పసుపు, కుంకుమ. ఎవరు పెట్టారో తెలియదు. సార్లు కోపం చేశారా అని అడిగాను. "ఏమనలే. కుంచెతోని మెల్లగ తుడిసిండ్రు. గంతే."

లేచేముందు ఒక ఇటుక చూపించాడు. మన ఇటుకకు రెండింతల పైన ఉంది. విరిగిన అంచు దగ్గర నా వేలు పట్టుకుని రుద్దించాడు. గరుకుగా చిన్నచిన్న గుంటలు, పొడుగ్గా, వడ్లగింజ ఆకారంలో. మట్టిలో పొట్టు కలిపి కాల్చారు, కాలినప్పుడు పొట్టు పోయి దాని గుర్తు మిగిలింది. "గీ వడ్లు ఏ ఏడు పండినయో మనుమడా" అన్నాడు. ఇటుక ముక్క ఒకటి లాగు జేబులో వేసుకోబోతే చేతి మీద ఒక్కటేశాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

పాము కథ నాకు పూర్తిగా తెలిసింది డిగ్రీలో ఉన్నప్పుడు. జ్ఞానోదయం అయిన తర్వాతి వారాల్లో బుద్ధుడు ఒక చెట్టు కింద కూచుని ఉండగా కాలం కాని కాలంలో వాన పట్టింది. ఏడు రోజుల ముసురు, చలిగాలి. ముచిలిందుడనే నాగరాజు వచ్చి, ఏడు చుట్లు చుట్టుకుని, తల మీద పడగ పట్టి నిలబడ్డాడు. వాన వెలిశాక చుట్టలు విప్పి, చిన్న కుర్రవాడి రూపంలో ఎదురుగా నిలబడి దండం పెట్టాడు. పామును చూసి బుద్ధుడు బెదరలేదు, బుద్ధుణ్ని చూసి పాము బుస కొట్టలేదు. ఆ చల్లదనం వల్లే ఈ కథ మనవాళ్లకు అంతగా నచ్చి ఉంటుంది. అసలే నాగులను కొలిచే జనం. తెలుగులో తొలి మాటగా చెప్పుకునేది కూడా అమరావతి రాతి మీద ఉన్న "నాగబు". దాన్ని చూపించింది వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. బౌద్ధం మన దగ్గరికి వచ్చినప్పుడు దానికి ముందుగా పడగ పట్టింది మన పుట్టలోని పామే అనుకుంటాను. నేను చరిత్రకారుణ్ని కాను, ఇది నా ఊహ.

1994లో అమ్మమ్మకు కండ్లు చూపించడానికి కరీంనగర్ తీసుకుపోయాం. డాక్టర్ సాయంత్రం రమ్మన్నాడు. ఎండలో ఎక్కడ కూచోబెట్టాలో తెలియక మ్యూజియానికి తీసుకుపోయాను. ఫ్యాన్లు ఉంటాయని తప్ప వేరే ఉద్దేశం లేదు. ధూళికట్ట ముచిలింద నాగుడి ముందుకు రాగానే ఆగిపోయింది. కండ్లు సరిగ్గా కనబడవు కదా, దగ్గరికి పోయి మొహం వంచి చూసింది. చుట్టలు ఒక్కొక్కటి వేలితో గాలిలో గీసుకుంటూ పైకి పోయింది, ముట్టుకోకుండా. కింద బుద్ధుడి బొమ్మ లేదు. చుట్ట, పడగ.

"ఇది మన తవ్వకం కాడిదే అమ్మమ్మా. చిన్నతాత పని చేసిండు చూడు, అక్కడిది."

"గాయనేనాడు జెప్పలే" అంది. చెప్పే ఉంటాడు, వందసార్లు. ఈమె విని ఉండదు. మరిది మాటలు ఆమె ఒక చెవితో విని వంటింట్లోకి పోయేది.

కొంగు ముడి విప్పింది. అందులో ఏముంటుందో మాకు తెలుసు: నాలుగు రూపాయలు, ఒక వక్క, కాగితం పొట్లంలో ఇంత పసుపు. పొట్లం విప్పేలోపు అక్కడి వాచ్‌మన్ వచ్చాడు. చిన్నవాడే. "అవ్వా, ఇది దేవుడు కాదు, మ్యూజియం" అన్నాడు మర్యాదగానే.

"నాగులపంచమి మూడొద్దులల్ల ఉన్నది బిడ్డా. ఈడ పాలు ఎవరు పోస్తరు మరి?"

అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పసుపును తన వేలికి అద్దుకుని, తన నుదుటికే పెట్టుకుని, రెండు చేతులెత్తి మొక్కింది. ఆ ఏడు నాగులపంచమికి పుట్ట దగ్గర రెండు చెంబుల పాలు పోసిందని అమ్మ చెప్పింది. రెండోది ఎవరికని అడిగితే "కరీంనగర్లున్నాయనకు" అన్నదట.

ఇక్కడ ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. తెలుగునాట బౌద్ధం అనగానే అందరూ అమరావతి, నాగార్జునకొండ అంటారు. అనాల్సిందే, అంత గొప్పవి. కానీ గోదావరికి ఈ ఒడ్డున పెద్దబంకూరు, కోటిలింగాల, పాశిగాం, ధూళికట్ట వరసగా ఉన్నాయన్న సంగతి మా జిల్లాలో చదువుకున్న పిల్లలకే చెప్పినవాళ్లు లేరు. కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు దొరికాయి. ఆయన కన్నా ముందటి గోబద, నారన, సమగోప లాంటి రాజుల నాణేలూ దొరికాయి. గోదావరి మీది ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఇప్పుడు ఆ కోటిలింగాల దిబ్బ దాకా వచ్చాయి. నీళ్లు కావాలి, కాదనను.

మా వైపు కథ ఇంకా వెనక్కు, బుద్ధుడి కాలం దాకా పోతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సుత్తనిపాతం అనే పాళి గ్రంథం చివర పారాయణ వగ్గం అని ఒక భాగం ఉంది. కోసల దేశం నుంచి బావరి అనే బ్రాహ్మణుడు దక్షిణాపథానికి వచ్చి, అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం వేసుకున్నాడు. ఏరుకున్న గింజలు, పండ్లతో బతికేవాడు. ఒకరోజు ఎవడో వచ్చి 500 నాణేలు అడిగాడు. యజ్ఞం చేసి ఉన్నదంతా ఇచ్చేశాను, లేవన్నాడు బావరి. ఏడో రోజు నీ తల ఏడు ముక్కలవుతుందని శాపం పెట్టి పోయాడు వాడు. ముసలాయనకు టెన్షన్ పట్టుకుంది. తిండి మానేశాడు. అప్పుడొక దేవత, "వాడికి తల అంటే ఏమిటో, తల పగలడం అంటే ఏమిటో తెలియదు. తెలిసినవాడు బుద్ధుడు" అని చెప్పింది. బావరికి అప్పటికి నూట ఇరవై ఏండ్లు, నడవలేడు. పదహారుమంది శిష్యుల్ని పంపాడు.

వాళ్లు ఇక్కడినుంచి నడిచారు. పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, అక్కడినుంచి ఇంకా తూర్పుకు, మగధ దాకా. బుద్ధుడు వాళ్లకు చెప్పిన జవాబు: అవిద్యే తల, విద్యే దాన్ని పగలగొట్టేది. పదహారుమందీ ఒక్కొక్కరుగా ప్రశ్నలు అడిగారు.

అస్సకుల రాజధాని పోదన మన బోధన్ అంటారు. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదనకుర్తి అంటారు. 2012 ఫిబ్రవరిలో నేనూ ఒక స్నేహితుడూ ఖానాపూర్ మీదుగా అక్కడికి పోయాం. గోదావరి రెండు పాయలుగా చీలి ఊరిని నడుమ పెట్టుకుంది. పొయ్యిల మీద పసుపు ఉడికిస్తున్నారు, ఊరంతా ఆ వాసన. చూడటానికి అక్కడ ఏమీ లేదు. స్నేహితుడు పది నిమిషాల్లో పోదామన్నాడు. నేను రాళ్ల మీద కూచుని అవతలి ఒడ్డు చూశాను. పదహారుమంది జింకచర్మాలు భుజాన వేసుకుని ఏ పక్క నుంచి ఏరు దాటి ఉంటారో లెక్క వేసుకున్నాను.

ఆ పదహారుమందిలో చివరివాడు పింగియుడు. అప్పటికే ముసలివాడు. తిరిగొచ్చి బావరికి అంతా చెప్పిందీ అతనే. అంత గొప్ప గురువును వదిలి ఎట్లా ఉండగలుగుతున్నావని బావరి అడిగితే, నేను ఒక్క క్షణం కూడా ఆయన్ను వదిలి లేను అన్నాడు. ఒళ్లు సహకరించదు, ఈ శరీరంతో అంత దూరం పోలేను, నా మనసు మాత్రం అక్కడే ఉంది, రాత్రీ పగలూ కండ్లతో చూసినట్టే చూస్తున్నాను అన్నాడు.

పింగియుడి మాట చదివినప్పుడు బాగుందనుకుని పేజీ తిప్పేశాను. నాలుగేండ్ల తర్వాత అర్థమైంది.

2016 వానాకాలం. చిన్నతాత గచ్చు మీద జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డాడు. అరుగు మీద అదే చోట, మా తాత మంచం ఉన్న చోట, కొత్త ఇనుప మంచం వేశారు. అమ్మమ్మ అప్పటికి లేదు. చూసిపోదామని వచ్చినవాణ్ని, దారిలో తవ్వకం దగ్గర ఆగాను. వాగు నిండుగా పారుతోంది. దిబ్బ చుట్టూ కంచె, తుప్పు పట్టిన నీలం బోర్డు. ప్యాంటు మడుచుకుని ఒక చుట్టు తిరిగాను, కుడి చేతి దిక్కు పెట్టుకుని.

ఇంటికొచ్చి చెప్పగానే ఆయన కండ్లు తెరిచాడు. కొడుకు ఎట్లున్నడు, ఉద్యోగం ఎట్లున్నది అని అడగలేదు.

"నీళ్లు నిలుస్తున్నయా?"

"పడమటి దిక్కు కొంచెం నిలిచినయ్ తాతా. ఇటుకలు తడిసినయ్."

"గటు ఓ కాలువ తీసినం మేము. వాన పడితె తెల్లారి ముంతలతోని తోడి పోసేది, సార్లు గూడ పోసేది. తోడ లేక చిన్న కాలువ తీసినం. పూడింది కావచ్చు." దుప్పటి మీద చూపుడువేలితో గీత గీశాడు, ఏ పక్క ఎత్తు, ఏ పక్క పల్లం. దుప్పటి ముడతను చదును చేసి మళ్లీ గీశాడు. "గీడికెల్లి తీస్తె వాగుల కలుస్తది. జానెడు లోతు చాలు. పార గా మూలకున్నది, తీస్కపో."

నేను ఆఫీసు బట్టల్లో ఉన్నాను. "మనం పార పెట్టద్దు తాతా. బోర్డు పెట్టిండ్రు, ముట్టుకుంటె కేసైతదని రాసిండ్రు."

కాసేపు పైకప్పు చూశాడు.

"మరి బోర్డు పెట్టినోళ్లకు చెప్పు. పడమటి దిక్కు అని చెప్పు. మర్చిపోతవ్, రాసుకో."

ఫోన్ తీసి రాసుకున్నాను. ఏం రాశానో చదివి వినిపించమన్నాడు.